శరణార్థుల వంటింట్లో గరిటె ఎవరి చేతిలో ఉంది?

నమస్కారం అండి. ఈసారి రివ్యూకి మూడు వంట కార్యక్రమాలు తీసుకున్నాను. మూడూ శరణార్థులతో నడిచేవే. 2024 చివరికి ప్రపంచంలో 4 కోట్ల 27 లక్షల మంది శరణార్థులు ఉన్నారని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క. వాళ్లు వార్తల్లో కనిపించేది చాలావరకు క్యూలో నిలబడి, చెయ్యి చాపి. వాళ్లే వడ్డిస్తుంటే చూసేది తక్కువ. అందుకే మూడింటినీ ఒకటే ప్రశ్న అడుగుదాం: ఇక్కడ గరిటె ఎవరి చేతిలో ఉంది?

మొదటిది రెఫ్యూజీ ఫుడ్ ఫెస్టివల్. 2016లో పారిస్‌లో మొదలైంది. జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం కదా, ఏటా దానికి అటూఇటూ రోజుల్లో రెస్టారెంట్లు తమ కిచెన్‌ని శరణార్థి షెఫ్‌లకు అప్పగిస్తాయి. సొంత దేశంలో వంటే వృత్తిగా బతికినవాళ్లకు ఇది గొప్ప అవకాశం. పనితనం నలుగురికీ తెలుస్తుంది, ఉద్యోగానికీ దారి దొరకొచ్చు. కానీ వండేవాళ్లు లోపల, తినేవాళ్లు బయట. ప్లేటు మన దగ్గరికి వస్తుంది, మనిషితో పరిచయం కాకపోవచ్చు. ఆ వెలితి నాకు గట్టిగానే అనిపించింది.

రెండోది లండన్‌లో 2017లో మొదలైన మైగ్రేట్‌ఫుల్. ఇక్కడ శరణార్థులు, వలస వచ్చినవాళ్లు వంట టీచర్లు. వచ్చినవాళ్లు డబ్బు కట్టి, ఉల్లిపాయలు తరుగుతూ నేర్చుకుంటారు. చదువు, డిగ్రీలు ఉండి కూడా భాష రాక, కాగితాలు లేక పని దొరకనివాళ్లు ఇక్కడ పదిమందికి పాఠం చెబుతారు. ఇంగ్లీషు కూడా వంట చెబుతూనే అలవాటవుతుంది. ఈ కార్యక్రమంలో నాకు బాగా నచ్చింది ఇదే. అయితే ఒక పెద్ద చిక్కు ఉంది. బ్రిటన్‌లో ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు మామూలుగా పని చేసే హక్కు లేదు. నిర్ణయం ఏడాదికి మించి ఆలస్యమైతే అనుమతి అడగొచ్చు, అదీ కొన్ని ఉద్యోగాలకే. అంటే ఎంత బాగా నేర్పినా, పని చేసే హక్కు వచ్చేదాకా జీతం తీసుకోవడం కుదరదు. ఇది చట్టంలోనే ఉన్న అన్యాయం అని నేను నమ్ముతాను.

ఇక మూడోది, నా మొదటి ఓటు దీనికే. 2013లో బెర్లిన్‌లో ఒరానియన్‌ప్లాట్జ్ దగ్గర శరణార్థులు నిరసన శిబిరం వేసుకుని ఉంటే, కొందరు విద్యార్థులు అక్కడికి వెళ్లి వాళ్లతో కలిసి వండటం మొదలుపెట్టారు. అలా ఊబర్ డెన్ టెల్లర్‌రాండ్ అనే సంస్థ పుట్టింది. 2016లో వీళ్లు ఒక షిప్పింగ్ కంటైనర్‌లో కిచెన్ కట్టి, ఇటలీలోని బారీ నుంచి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వరకు ఊరూరా తిప్పారు. కొత్తగా వచ్చినవాళ్లూ స్థానికులూ ఒకే స్టవ్ దగ్గర వండి, ఒకే బల్ల మీద తిన్నారు. ఇక్కడ ప్రేక్షకులంటూ ఎవరూ లేరు, అందరికీ పని ఉంది.

ఇలాంటి చోట ఏం వండాలన్నది కూడా ముఖ్యమే అంటాను. అఫ్గాన్ మంతూ తీసుకోండి. పిండి పలచగా వత్తాలి, కోయాలి, ఖీమా పెట్టి ఒక్కోటీ మడవాలి, ఆవిరి మీద ఉడికించాలి. ఒక్కరే చేస్తే నడుం పడిపోతుంది. నలుగురు కూర్చుంటే భాష రాకపోయినా పని సాగుతుంది. పక్కవాళ్ల వేళ్లు చూసి మడత నేర్చుకోవచ్చు. సిరియావాళ్లు ద్రాక్షాకుల్లో బియ్యం, మాంసం పెట్టి చుట్టే యబ్రక్ కూడా అంతే. ఎరిత్రియావాళ్ల ఇంజెరా (దోసెలాంటి పెద్ద అట్టు) అయితే తినడం దగ్గర కలుపుతుంది: ఒకే పెద్ద పళ్లెం, చుట్టూ అందరూ, చేత్తో తుంచుకోవడమే.

ఒక్క మాట మాత్రం నిర్వాహకులు పట్టించుకోవాలి. వండటానికి వచ్చిన మనిషిని, ఎలా పారిపోయి వచ్చారు, పడవలో ఏమైంది అని అడగకండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. మసాలా ఎంత వేయాలి అని అడగండి చాలు.

మీరు ఎప్పుడైనా ఇలాంటి క్లాసుకి డబ్బు కట్టే ముందు రెండు విషయాలు కనుక్కోండి: మెనూ ఎవరు నిర్ణయిస్తున్నారు, కట్టిన డబ్బులో వండేవాళ్లకు ఎంత చేరుతోంది. వీటికి సూటిగా జవాబు చెప్పేవాళ్ల దగ్గరికే వెళ్లండి.