ఒక అంగుళం వాల్వ్ ఇవ్వండి అంటే ఏమిస్తారు? బాల్, గేట్, గ్లోబ్, బటర్‌ఫ్లై రివ్యూ

నమస్కారమండీ. చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర సెంబుదాస్ వీధికి వెళ్లి, తమిళంలో అడిగినా తెలుగులో అడిగినా, "ఒక అంగుళం వాల్వ్" అంటే చేతిలో పెట్టేది బాల్ వాల్వే. చాలా చోట్ల అది చాలు కూడా. చాలని చోట్లు ఏవో చూద్దాం.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, బాడీ మీద అచ్చు చదవండి. సీఎఫ్8ఎమ్, 1000 డబ్ల్యూఓజీ. సీఎఫ్8ఎమ్ అంటే పోతపోసిన 316 రకం స్టీలు, చివర ఎమ్ లేకపోతే 304. అయస్కాంతం కాస్త లాగిందని డూప్లికేట్ అనుకోకండి, పోత స్టీల్లో కొంచెం ఫెర్రైట్ (అయస్కాంతం లాగే భాగం) ఉంటుంది. టప్పున అతుక్కుంటే మాత్రం అక్కడే పెట్టేసి వచ్చేయండి. ఇక 1000 అంటే నీళ్లు, నూనె, గ్యాస్‌కి మామూలు వేడిలో 1000 పీఎస్‌ఐ, దాదాపు 69 బార్. ఈ అంకె చూసి స్టీమ్ లైనుకి బిగించేవాళ్లున్నారు. 10 బార్ స్టీమ్ 184 డిగ్రీలుంటుందండీ! లోపల బాల్‌ని పట్టుకునే ఈ తెల్ల రింగులు, అంటే సీట్లు, టెఫ్లాన్, వేడికి మెత్తబడతాయి.

రెండో తప్పు, హ్యాండిల్ సగంలో ఆపి ఫ్లో తగ్గించడం. ఆ సన్న సందులోంచి దూసుకొచ్చే ధార సీటుని ఒకే అంచున కోసేస్తుంది. తర్వాత పూర్తిగా మూసినా బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటుంది. హ్యాండిల్‌కి పైపు తొడిగి బలంగా తిప్పినా లాభం లేదు, ఇది బిగిస్తే మూసుకునే రకం కాదు.

కొనేముందు రంధ్రం కొలవండి. 1 అంగుళం అని రాసున్నా 25 ఎంఎం బదులు 20 దగ్గర ఉంటే అది రెడ్యూస్డ్ బోర్. పంపు సక్షన్‌కి (నీళ్లు లాగే వైపుకి) వద్దు. త్రీ పీస్ రకం ఖరీదెక్కువే, అయినా నా ఓటు దానికే: మూడు బోల్టులు తీసి నాలుగోది వదులు చేస్తే మధ్య ముక్క పక్కకి తిరుగుతుంది, సీట్లు అక్కడే మార్చుకోవచ్చు. విప్పేముందు లైన్లో ప్రెషర్ తీసి, బాల్‌ని సగం తెరవండి. మూసి ఉన్న బాల్ కడుపులోనూ ప్రెషర్ దాక్కుంటుంది.

గేట్ వాల్వ్. పూర్తిగా తెరవడానికి, పూర్తిగా మూయడానికి, అంతే. సగంలో ఉంచితే వెడ్జ్ (లోపల దిగి మూసే పలక) గడగడలాడి సీటు గీరుకుపోతుంది. సముద్రం వైపు ఉప్పు బోరు నీళ్లలో ఇంకో గొడవ: ఇత్తడి స్టెమ్‌లోంచి (చక్రాన్ని వెడ్జ్‌కి కలిపే కడ్డీ) జింకు కరిగిపోయి అది రాగిరంగుకి తిరిగి గుల్లబారుతుంది. ఓ రోజు విరుగుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెడ్జ్ కదలదు.

ఫ్లో తగ్గించాలా, స్టీమా? గ్లోబ్ తీసుకోండి. ప్రెషర్ కొంత తింటుంది, తప్పదు. బాడీ మీది బాణాన్ని చూసే బిగించండి. బాయిలర్ లైను ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందికొస్తే ఫారం 3-సీ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి, బిల్లుతో సరిపెట్టుకోకండి.

బటర్‌ఫ్లై, 4 అంగుళాల వేఫర్, అంటే రెండు ఫ్లాంజ్‌ల (పైపు చివర బోల్టులు పెట్టే రింగుల) మధ్య ఇరికించే రకం. లోపలి రబ్బరు ఈపీడీఎం అయితే నీళ్లకి బాగుంటుంది, నూనె తగిలితే ఉబ్బిపోతుంది. నూనెకి నైట్రైల్. బిగించేటప్పుడే ఎక్కువ పాడవుతుంది ఇది. డిస్క్‌ని (లోపల తిరిగే బిళ్ళని) కొద్దిగా తెరిచి, అంచు బయటికి రాకుండా ఫ్లాంజ్‌ల మధ్యకి దింపాలి. వేరే గ్యాస్కెట్ వద్దు, ఆ రబ్బరే గ్యాస్కెట్. బోల్టులు చేత్తో పెట్టి, డిస్క్ పూర్తిగా తెరిచి పైపు గోడకి తగలట్లేదని చూసి, అప్పుడు ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి బిగించాలి. మూసి ఉంచి బిగిస్తే రబ్బరు డిస్క్‌ని పట్టేస్తుంది. ఫ్లాంజ్ వెల్డింగ్ చేసేటప్పుడు వాల్వ్ బయటే ఉండాలి, లేకపోతే రబ్బరు కాలుతుంది.

స్వింగ్ ఎన్నార్వీని (నీళ్లు వెనక్కి రాకుండా రేకుతో ఆపే నాన్ రిటర్న్ వాల్వుని) నిలువు లైన్లో పెడితే నీళ్లు పైకి వెళ్లే చోటే పెట్టండి. కిందికి పారే చోట ఆ రేకు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది.

కొత్త గేట్, గ్లోబ్ వాల్వుల్లో స్టెమ్ దగ్గర చెమ్మ కనిపిస్తే వెనక్కిచ్చేయకండి. గ్లాండ్ నట్లు (స్టెమ్ చుట్టూ ఉన్న ప్యాకింగ్‌ని నొక్కేవి) రెండుంటే రెండూ సమానంగా, ఒక్కోసారి పావు తిప్పు లోపే బిగిస్తూ రండి. చెమ్మ ఆగిందా, చక్రం ఇంకా తేలిగ్గా తిరుగుతోందా, అక్కడ ఆపండి.