కెల్ప్ అడవికి మూడు వైద్యాలు: దేనికి ఎన్ని మార్కులు?

నమస్తే అండీ. ఇవాళ్టి రివ్యూ ఫోన్ది కాదు, కెమెరాది కాదు. అమెరికా పడమటి తీరంలో, ఉత్తర కాలిఫోర్నియా దగ్గర, సముద్రం అడుగున ఒక అడవి పోయింది. దాన్ని వెనక్కి తేవడానికి మూడు దారులు పట్టారు. ఆ మూడింటికీ పదికి ఎన్నెన్ని మార్కులు వేయొచ్చో చూద్దాం.

ముందు ఆ అడవి ఎలాంటిదో చెప్పాలి. కెల్ప్ మొక్క కాదు, గోధుమ రంగు సముద్రపు నాచు. దీనికి వేళ్ళుండవు. తాళ్ళ చిక్కులాంటి ఒక పట్టు ఉంటుంది, దాంతో రాయిని కరుచుకుంటుంది. పోషకాలన్నీ ఆకులతోనే, నీళ్ళలోంచే లాక్కుంటుంది. జెయింట్ కెల్ప్ అయితే అన్నీ కలిసొస్తే రోజుకు 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఉత్తర కాలిఫోర్నియాలో ఎక్కువగా ఉండేది బుల్ కెల్ప్. పొడవాటి కాడ, పైన బల్బులాంటి ఒక గాలి బుడగ, దాని నుంచి జుట్టులా వేలాడే ఆకులు. ఇది ఒక్క ఏడాది బతుకుతుంది. అంటే ప్రతి ఏడూ అడవి మొత్తం మళ్ళీ మొదటి నుంచి మొలవాలి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక ఏం జరిగిందంటే, 2013లో స్టార్‌ఫిష్‌లకు ఒక జబ్బు వచ్చింది. ఒంటి మీద తెల్లటి పుండ్లు లేచి, చేతులు ఊడిపోయి, కొన్ని రోజుల్లోనే ముద్దలా కరిగిపోయాయి. ఎక్కువ దెబ్బ తిన్నది సన్‌ఫ్లవర్ స్టార్. దీనికి ఇరవై దాకా చేతులు, కొన్నిటికి ఇంకా ఎక్కువే. పెద్దదైతే మీటరు వెడల్పు. ఆ జాతిలో 90 శాతానికి పైగా పోయాయి. ఆ వెంటనే 2014 నుంచి 2016 దాకా సముద్రం వేడెక్కింది. దానికి శాస్త్రవేత్తలు 'బ్లాబ్' అని పేరు పెట్టారు. కెల్ప్‌కు తిండిలాంటి నైట్రేట్ అడుగు నుంచి పైకొచ్చే చల్లని నీళ్ళలోనే ఎక్కువగా ఉంటుంది. అది అందక కెల్ప్ బలహీనపడింది.

చాలామంది కథ ఇక్కడితో ఆపేసి, వేడి వల్ల అడవి చచ్చిపోయిందని తేల్చేస్తారు. నాకు అది సగం మాటే అనిపిస్తుంది. వేడి ఒక్కటే అయితే నీళ్ళు చల్లబడ్డాక కెల్ప్ మళ్ళీ మొలవాలి కదా? మొలవలేదు. ఎందుకంటే ఈలోపు పర్పుల్ సీ అర్చిన్లు, అంటే ముళ్ళ బంతుల్లాంటి చిన్న సముద్ర జీవులు, వచ్చి కూర్చున్నాయి.

ఈ క్లిప్ కొంచెం ఆపి చూడండి. ఒళ్ళంతా ఊదారంగు ముళ్ళు. నోరు కింది వైపు ఉంటుంది, అందులో ఐదు పళ్ళు. అరిగేకొద్దీ వాటంతట అవే పదునెక్కుతాయి. అడవి బాగున్నప్పుడు ఇది రాతి సందులో నక్కి, తెగి కొట్టుకొచ్చే కెల్ప్ ముక్కలు తింటూ బుద్ధిగా ఉంటుంది. ముక్కలు రావడం ఆగిందనుకోండి, బయటికొచ్చి బతికున్న కెల్ప్ మొదలునే కొరుకుతుంది. బయటికొస్తే పట్టుకు తినే సన్‌ఫ్లవర్ స్టార్ ఎలాగూ లేదు. అర్చిన్లు దాదాపు 60 రెట్లు పెరిగాయి. 350 కిలోమీటర్ల తీరంలో 90 శాతానికి పైగా కెల్ప్ పోయింది. కెల్ప్ తిని బతికే రెడ్ అబలోన్లు, అంటే ఒక రకం పెద్ద సముద్రపు నత్తలు, ఆకలితో చచ్చాయి. సరదాగా వాటిని పట్టుకోవడం కూడా 2018లో ఆపేశారు.

తిండి అయిపోయాక అర్చిన్లు కూడా చావాలి కదా? చావవు! ఒంట్లో పనులన్నీ తగ్గించేసుకుని ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటాయి. పగలగొట్టి చూస్తే నారింజ రంగు గుడ్ల సంచులు ఉండాల్సిన చోట పీలికల్లాంటి గోధుమ రంగు పదార్థం తప్ప ఏమీ ఉండదు. అందుకే వాటిని జాంబీ అర్చిన్లు అంటారు. కెల్ప్ మొలక తల ఎత్తిందా, వెంటనే గీకేస్తాయి. అంటే వైద్యం చేయాల్సింది అడవికి కాదు, ఈ మొండి ఆకలికి.

మొదటి వైద్యం సుత్తి. నిజంగానే సుత్తి. లాస్ ఏంజెలెస్ పక్కన పాలోస్ వెర్డెస్ దగ్గర 2013 నుంచి డైవర్లు నీళ్ళలోకి దిగి అర్చిన్లను ఒక్కొక్కటిగా పగలగొట్టారు. శుభ్రం చేసిన చోట జెయింట్ కెల్ప్ త్వరగానే తిరిగొచ్చింది. కానీ అది దక్షిణ కాలిఫోర్నియా, పక్కనే బతికున్న కెల్ప్ ఉంది. ఉత్తరాన సముద్రం ఉధృతం, నీళ్ళు మరీ చల్లన. పైగా బుల్ కెల్ప్‌లో బీజాలున్న ముక్కలు ఆకు నుంచి ఊడి నేరుగా అడుగుకు జారిపోతాయి. తల్లి దగ్గర్లో లేకపోతే ఎంత ఊడ్చినా మొలిచేదేముంది? నార్వేలో గులకరాళ్ళ మీద కెల్ప్ పిల్లల్ని పెంచి సముద్రంలో చల్లే పద్ధతి ఒకటి తెచ్చారు, ఆలోచన బాగుంది. ఏదేమైనా సుత్తికి పదికి ఆరు. చిన్న చోట్లకు మాత్రమే.

రెండోది అందరికీ ఇష్టమైనది, సీ ఓటర్, అంటే సముద్రంలో బతికే నీటికుక్క. ముద్దొచ్చే మొహం, పొట్ట మీద రాయి పెట్టుకుని గవ్వలు పగలగొట్టే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఒంట్లో కొవ్వు పొర లేదు కాబట్టి వెచ్చగా ఉండటానికి తన బరువులో పావు వంతు తిండి రోజూ తింటుంది. అలాస్కాలోని అల్యూషియన్ దీవుల మీద ఎస్టెస్, పాల్మిసానో అనే శాస్త్రవేత్తలు 1974లో అచ్చు వేసిన పరిశోధన దీని గొప్పతనాన్ని చూపించింది. ఓటర్లున్న దీవి చుట్టూ కెల్ప్, లేని దీవి చుట్టూ అర్చిన్లు.

నేనూ పదికి పది వేద్దామనుకున్నా. కాలిఫోర్నియా తీరం మధ్యలో మాంటెరే దగ్గర చేసిన పరిశీలన చదివాక పెన్ను ఆగిపోయింది. అక్కడ ఓటర్లు అర్చిన్లను ఇంకా ఎక్కువ తినడం మొదలుపెట్టాయి, నిజమే. కానీ ఏవి? కెల్ప్ మిగిలిన చోట్ల ఉన్న బలిసిన అర్చిన్లను. జాంబీల జోలికి పోలేదు. లోపల ఏమీ లేని డొల్లను ఎవరు మాత్రం తింటారు? కాబట్టి ఉన్న అడవిని ఓటర్ కాపాడుతుంది, పోయినదాన్ని తేలేదు. ఏడు మార్కులు. అసలు ఉత్తర కాలిఫోర్నియాలో ఇప్పుడు ఓటర్లే స్థిరంగా లేవు, అది వేరే గొడవ.

మూడోది సన్‌ఫ్లవర్ స్టార్‌ను మళ్ళీ పెంచడం. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళ ఫ్రైడే హార్బర్ ల్యాబ్‌లో 2019 నుంచి ఈ పని నడుస్తోంది. నాకు నచ్చిన సంగతేంటంటే, దీనికి ఓటర్‌లా నాలుక రుచి లేదు. ట్యాంకుల్లో పెట్టి చూస్తే ఆకలితో మాడిన అర్చిన్లను కూడా తినేసింది. సరిగ్గా మనకు కావాల్సింది అదే.

చిక్కు ఆ జబ్బుతోనే. పన్నెండేళ్ళు కారణం దొరకలేదు. 2025 ఆగస్టులో దొరికింది: విబ్రియో పెక్టెనిసిడా అనే బ్యాక్టీరియా. కెనడా పడమటి తీరంలోని బ్రిటిష్ కొలంబియాలో, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకైన, చల్లని సముద్రపు పాయల్లో (ఫ్యోర్డ్‌లలో) మాత్రం సన్‌ఫ్లవర్ స్టార్లు ఇంకా గుంపులుగా మిగిలాయి. అంటే వేడి ఇక్కడ కూడా అడ్డుపడుతోందన్నమాట.

కింద కామెంట్లలో అడిగేస్తారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా, ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవి దగ్గర కూడా అర్చిన్లు కెల్ప్‌ను మేసేశాయి, కానీ అక్కడికి ఈ మార్కులు పనికిరావు. అక్కడ తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం బలపడి, వెచ్చని నీళ్ళతో పాటు పొడుగు ముళ్ళ అర్చిన్‌ను ఉత్తరం నుంచి దించింది. దాని పిల్లలకు శీతాకాలంలో నీళ్ళు 12 డిగ్రీలు దాటితే చాలు. ఇదివరకు అంత వెచ్చదనం ఉండేది కాదు. అక్కడ దాన్ని తినేది పెద్ద రాక్ లాబ్‌స్టర్, అంటే భారీ రొయ్యలాంటి జీవి. ఆ పెద్దవాటినేమో మనుషులు ముందే పట్టేశారు.

ఇక మూడో వైద్యానికి మార్కులు. ట్యాంకులో పుట్టిన స్టార్, ఆ బ్యాక్టీరియా తిరిగే నీళ్ళలో ఒక వేడి ఏడాదిని దాటి బతకాలి. అది చూశాకే వేస్తా. అప్పటిదాకా ఆ గడి ఖాళీగా ఉంచుతున్నా. ఉంటానండీ.