ఆపరేటరు చేతి పని ఏమైంది?

సభకు నమస్కారం.

ఫోను ఎక్స్ఛేంజీలో స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న ఆపరేటరు ఒక్క కాల్ కలపడానికి అయిదు పనులు చేసేది. ఎవరు పిలుస్తున్నారో చూసేది, ఎవరు కావాలో అడిగేది, ఆ లైను ఖాళీగా ఉందో లేదో తేల్చుకునేది, గంట కొట్టేది, మాటలయ్యాక విడదీసేది. మీ జేబులో ఫోను మోగాలంటే ఇవాళ కూడా ఈ అయిదూ జరగాల్సిందే. చేసే చెయ్యి మారిందంతే. ఆ చెయ్యి వెంబడే వెళ్దాం.

మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో 1882 జనవరి 28న ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. పాత మాగ్నెటో పద్ధతిలో చందాదారు ఇంట్లోనే పొడి బ్యాటరీలు, చేత్తో తిప్పే చిన్న జనరేటరు ఉండేవి. పిడి తిప్పితే ఎక్స్ఛేంజీ బోర్డు మీద ఆ లైను తాలూకు రేకు మూత టప్పున పడేది. మాట్లాడ్డం అయ్యాక మళ్లీ పిడి తిప్పి చెప్పాలి. మరిచిపోతే అయిపోయిందని ఆపరేటరుకు తెలిసే దారి లేదు. లైను అలాగే కలిసి ఉండిపోయేది, అవతల అందరికీ ఎంగేజే.

తర్వాత వచ్చిన సెంట్రల్ బ్యాటరీ బోర్డు ఈ చిక్కు తీర్చింది. కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వస్తుంది కాబట్టి రిసీవరు ఎత్తగానే సర్క్యూటు పూర్తయి బోర్డులో ఆ లైను జాక్, అంటే ప్లగ్గు గుచ్చే రంధ్రం, దగ్గర దీపం వెలుగుతుంది. ఆపరేటరు తన ముందున్న రెండు వరసల ప్లగ్గు తాళ్లలో వెనక వరస తాడును ఆ జాక్‌లో గుచ్చి, మీట వంచి నంబరు అడుగుతుంది. ఆ తర్వాత చేసే పని చూడండి. ముందు వరస తాడు ప్లగ్గు కొనను కావలసిన నంబరు జాక్ అంచుకు అలా తాకించి చూస్తుంది. చెవిలో టిక్కుమంటే లైనులో ఎవరో ఉన్నట్టు. పెద్ద బోర్డులో ఒకే నంబరు జాక్ ప్రతి కొద్ది అడుగులకూ మళ్లీ వస్తుంది. పక్క ఆపరేటరు అప్పటికే కలిపేసిందేమో కంటికి కనబడదు. అందుకే ఈ పరీక్ష. టిక్కు లేకపోతే ప్లగ్గు లోపలికి నొక్కి, రింగు మీట వంచుతుంది. ఇద్దరూ రిసీవర్లు పెట్టేశాక రెండు తాళ్ల దీపాలూ వెలుగుతాయి, అప్పుడు లాగేస్తుంది.

ఈ చెయ్యిని యంత్రానికి అప్పగించినవాడు అల్మన్ స్ట్రౌజర్. అమెరికాలోని కాన్సస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారి. 1891లో పేటెంటు వచ్చింది, 1892లో ఇండియానా రాష్ట్రం లా పోర్ట్‌లో ఎక్స్ఛేంజీ నడిచింది. ఇంగ్లీషు పాలకుల వేసవి రాజధాని సిమ్లాకు మన దేశపు తొలి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ దక్కింది.

డయల్ వేలితో తిప్పి వదిలితే తిరిగి వచ్చేటప్పుడు లైనును సెకనుకు పదిసార్లు తెంచి కలుపుతుంది. 4 తిప్పితే నాలుగు తెంపులు, సున్నాకు పది. ఒక్కో తెంపు సుమారు 66 మిల్లీసెకన్లు, మధ్య కలయిక 33. నంబరు 4627 అనుకోండి. 4కు ఎక్స్ఛేంజీలో లైను వెతికే ఇనుప చెయ్యి, మొదటి సెలెక్టరు, నాలుగు మెట్లు పైకెక్కి, ఆ వరసలో ఖాళీ దారిని తనంతట తానే వెతుక్కుంటుంది. 6కు రెండోది అదే పని చేస్తుంది. చివరి సెలెక్టరు మాత్రం 2 మెట్లు ఎక్కి 7 అడుగులు పక్కకు తిరిగి ఆ నంబరు మీదే ఆగుతుంది. పది వరసలు, వరసకు పది, మొత్తం నూరు లైన్లు. ఆగిన చోట లైను ఖాళీగా ఉందో లేదో చెప్పే 'పీ' తీగను తాకి చూస్తుంది. దాని మీద ఎర్త్ ఉంటే ఎంగేజ్ టోను. ప్లగ్గు కొనతో జరిగిన టిక్కు పరీక్షే ఇది, ఇప్పుడు ఇనుప వేలు చేస్తోంది.

వానాకాలంలో రాంగ్ నంబర్లు ఎందుకు పెరిగేవో ఇక్కడే అర్థమవుతుంది. ఎక్స్ఛేంజీలో బయటి తీగలన్నీ కలిసే చట్రం ఎండీఎఫ్ నుంచి కేబులు, క్యాబినెట్, పిల్లరు, వీధిలో ఇళ్లకు తీగలు పంచే డీపీ పెట్టె, అక్కడి నుంచి ఇంటికి డ్రాప్ వైరు. ఈ దారిలో జాయింటులోకో డీపీలోకో నీరు దిగితే రెండు తీగల మధ్య కరెంటు కారుతుంది. డయల్ తెంచినా ఎక్స్ఛేంజీలో ఆ తెంపులు అందుకునే అయస్కాంత మీట, రిలే, పూర్తిగా వదలదు. 7 తిప్పితే 6 అందుతుంది. కాగితం చుట్టిన పాత కేబులులో చిన్న పగులు చాలు, తడి పాకిపోయేది. నీరు చొరకుండా లోపలికి పొడిగాలి ఒత్తి పంపేవారు. జెల్లీ నింపిన కేబులు వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. డయల్ స్ప్రింగు నీరసించినా ఇదే జబ్బు. ఇక లైన్లో కరకరలంటే సెలెక్టరు కాంటాక్టుల మీద దుమ్మో అరుగుదలో అని తెలిసిపోయేది.

ఊరు దాటితే మాత్రం చాలాకాలం మనిషి చెయ్యే దిక్కు. గుంటూరు మిర్చి వ్యాపారి బొంబాయితో ధర మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని తరగతులు, ఫలానా మనిషే రావాలంటే పీపీ. మూడు నిమిషాలకోసారి ఆపరేటరు గుర్తు చేసేది. కాన్పూరు–లక్నోల మధ్య 1960లో, ఆపరేటరు లేకుండా నేరుగా వేరే ఊరికి డయల్ చేసే ఎస్టీడీ మొదలైంది. ఇక్కడ ఆరో పని బయటపడింది, లెక్క రాయడం. చీటీ మీద రాసే మనిషి లేదు కాబట్టి ఎక్స్ఛేంజీలో ప్రతి లైనుకూ ఒక మీటరు పెట్టారు. దూరం పెరిగేకొద్దీ పల్సులు దగ్గరదగ్గరగా పడతాయి. ఆ మీటరు మొత్తమే చెబుతుంది, ఏ కాల్‌కు ఎంతో చెప్పదు. బిల్లు ఎక్కువ వచ్చిందన్న తగాదాలు తెగకపోవడానికి కారణం అదే. చందాదారు వైపు న్యాయం ఉన్నా చూపించడానికి కాగితం ఉండేది కాదు. బెజవాడ 0866, గుంటూరు 0863 అన్నప్పుడు ముందున్న ఆ సున్నా ఎక్స్ఛేంజీకి చెప్పేది ఒక్కటే, ఈ కాల్ ఊరు దాటుతోందని.

స్ట్రౌజర్ తర్వాతి తరం యంత్రం క్రాస్‌బార్‌ను దాటేసి డిజిటల్‌కు వస్తాను. మాటను సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తే 64,000 బిట్లు. ఒకే జత తీగల మీద కాలాన్ని వంతులవారీగా పంచుకుంటూ 32 గడులు వరసగా పరిగెడతాయి, 30 మాటలకు, రెండు పర్యవేక్షణకు. మీ మాట 7వ గడిలో వస్తే ఎక్స్ఛేంజీ దాన్ని జ్ఞాపకంలో ఉంచి 19వ గడిలో బయటికి పంపుతుంది. కాల్ కలపడమంటే ఇక అంతే. తాడు లేదు, మెట్లెక్కే ఇనుము లేదు. 1984లో పుట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజీ ఏసీ గది లేకుండా పనిచేసింది. మన రోహిణి కార్తె ఎండలు తెలిసినవాళ్లకు ఆ మాట విలువ తెలుసు. బటన్ల ఫోనులో 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ స్వరాలు కలిసి వెళ్తాయి. తెంపులు లెక్కపెట్టే పని లేదు గనక పాత తరహా వాన తప్పులూ పోయాయి.

మొబైల్ వచ్చేసరికి కొత్త ప్రశ్న పుట్టింది, ఈ మనిషి ఎక్కడున్నాడు? 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కు చేసిన కాల్‌తో మన దేశంలో సెల్ సేవ మొదలైంది. మీ నంబరుకు కాల్ వస్తే నెట్‌వర్కు ముందు హెచ్‌ఎల్‌ఆర్ అనే చిట్టాను అడుగుతుంది. ఏ ప్రాంతంలో ఉన్నారో తేలాక అక్కడి టవర్లన్నీ ఒకేసారి మీ ఫోనును పిలుస్తాయి. అది పలికితేనే గంట. ఫోను పద్ధతిగా ఆపితే వెళ్తూ వెళ్తూ చెప్పి పోతుంది, అందుకే 'స్విచ్ ఆఫ్' అని వినిపిస్తుంది. బ్యాటరీ ఊడినా సెల్లారులోకి దిగినా చెప్పే వీలుండదు. పిలిచి పిలిచి, 'అందుబాటులో లేరు' అంటారు.

ఆటోలో మాట్లాడుతూ ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు వెళ్తున్నారనుకోండి. జీఎస్‌ఎం, అంటే 2జీ, ఫోను సుమారు అర సెకనుకోసారి చుట్టుపక్కల ఆరు సెల్‌ల (టవరు పరిధుల) బలం కొలిచి పంపుతుంది. అవతలి గట్టు టవరు బలం పెరగగానే మాట తెగకుండా అటు మారుస్తారు. విజయవాడ టవరు తాడు లాగేసి సీతానగరం జాక్‌లో గుచ్చినట్టే.

దసరాకు ఇంద్రకీలాద్రి కింద నిలబడితే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా కాల్ వెళ్లకపోవచ్చు. గీతలు బలాన్ని చూపుతాయి, ఖాళీని చూపవు. 2జీలో రెండు క్యారియర్ల సెల్ అంటే, ఒక్కో రేడియో తరంగానికి ఎనిమిది చొప్పున, 16 గడులు. నియంత్రణకు రెండు పోతే పద్నాలుగు మాటలే. పదిహేనో మనిషికి 'నెట్‌వర్క్ బిజీ'. 4జీలో మాట కూడా డేటా పొట్లాలుగానే పోతుంది. పాత లైను 3400 హెర్ట్జ్ దగ్గర కోసేసేది కాబట్టి స, శ, ష తేడా పట్టుకోవడం కష్టమయ్యేది. 4జీ మాటల పద్ధతి వోల్టీలో 7000 దాకా వస్తుంది, పేరు ఒక్కసారి చెబితే చాలు.

ఒక్కటి మాత్రం పోగొట్టుకున్నాం. ల్యాండ్‌లైనుకు 48 వోల్టులు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేవి, ఇంట్లో కరెంటు పోయినా ఫోను పలికేది. సెల్‌కు మీ బ్యాటరీ, టవరు బ్యాటరీ రెండూ నిలవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఇది అందరికీ తెలిసొచ్చింది. అలాంటప్పుడు కాల్ కోసం పదేపదే ప్రయత్నించి చార్జింగ్ ఖర్చు చేయొద్దు, ఎస్సెమ్మెస్ పంపండి. దానికి మాటల గడి అక్కర్లేదు, నియంత్రణ గడిలోనే పోతుంది. తెలుగులో ఒక సందేశానికి 70 స్థానాలు. గుణింతం, పొల్లు విడిగా లెక్కకొస్తాయి, 'స్త్రీ' ఒక్కటే ఆరు. 'మేడ మీద ఉన్నాం. నలుగురం. నీళ్లు కావాలి' అన్నది 38 స్థానాలే. ఇంకో 32 మిగులుతాయి, వీధి పేరు, ఇంటి నంబరు రాయడానికి.