కాగితం తంగేడు, కాగితం గునుగు

నేను: నమస్కారం. ఈ వారం మైకు తీసుకుని సికింద్రాబాద్‌లో మా చిన్నమ్మ వాళ్లింటికి వచ్చాను. డైనింగ్ టేబుల్ మీద కంచం పెట్టడానికి చోటు లేదు, అంతా పసుపు కాగితం ముక్కలే. ఏంటి చిన్నమ్మా ఇదంతా?

చిన్నమ్మ: అమెరికాలో ఉన్న మా కోడలికి బతుకమ్మ కార్డు. పోయినేడు కొన్న కార్డే పంపాను. దాని మీద గులాబీలున్నాయి. బతుకమ్మ పండక్కి గులాబీలేంటని నాకే మనసొప్పలేదు. అందుకే ఈసారి తంగేడు, గునుగు చేస్తున్నా.

నేను: గులాబీ చేయడమైతే నాకూ వచ్చు. గుండ్రంగా కత్తిరించి, దాన్ని సుడిలా కోసి, బయటి కొస నుంచి చుట్టుకుంటూ రావడమే. తంగేడుకు అలాంటి పద్ధతి ఉందా?

చిన్నమ్మ: పువ్వునే అడగాలి బిడ్డా. ఒక కొమ్మ తెచ్చుకుని, ఒక పువ్వు రేకులు విడదీసి వరసగా పెట్టుకున్నా. ఐదు రేకులు. మొదలు దగ్గర సన్నగా ఉండి పైకి వెడల్పవుతాయి. అంచులు ముడతలు ముడతలుగా ఉంటాయి, చూడు. ఆ ముడతలు రాకపోతే అది ఏదో ఒక పసుపు పువ్వు అవుతుంది కానీ తంగేడు కాదు. మధ్యలోంచి కేసరాలు కొడవలిలా వంగి బయటికొస్తాయి. వాటికి సన్నటి పోగులు కోసి, గోటితో లాగి వంచా.

నేను: ముడతలు ఎలా తెచ్చావు?

చిన్నమ్మ: ముందు కాగితం సరైంది దొరకాలి. జిరాక్స్ పేపరు 75 జీఎస్ఎం ఉంటుంది, అంటే చదరపు మీటరు కాగితం 75 గ్రాములు తూగుతుంది. దానికి వంపు ఇచ్చినా నిలవదు. కార్డుకు వాడే 250 జీఎస్ఎం వంచితే మడత పడి విరుగుతుంది. నేను రేకులకు 120 వాడతా. షీటును నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూడు, ఒకవైపు మెత్తగా వంగుతుంది, ఇంకోవైపు మొరాయిస్తుంది. లోపల నార ఎటు ఉందో దాన్ని బట్టి అంతే. అది చూసుకున్నాకే కత్తెర పట్టాలి. కత్తిరించిన రేకును పాత మౌస్ ప్యాడ్ మీద పెట్టి, స్పూను వెనకవైపుతో గుండ్రంగా రుద్దితే గిన్నెలా లేస్తుంది. తర్వాత అంచును కొద్దిగా తడిపి రెండు వేళ్ల మధ్య నలపాలి. ఆరేదాకా ముట్టుకోవద్దు.

నేను: గునుగు?

చిన్నమ్మ: అది తేలిక. తెల్ల కాగితం పట్టీకి దువ్వెన పళ్లలా సన్నగా గాట్లు పెట్టి, కొసలకు గులాబీ రంగు అద్దా. పుల్లకు చుడితే అచ్చం గునుగే, కానీ కార్డు మీద మరీ ఎత్తవుతుంది. అందుకని చుట్టకుండా, పట్టీలను ఒకదాని కింద ఒకటి అంటిస్తా. పైనుంచి మొదలుపెట్టాలి, అప్పుడే కింది వరస పై వరస మొదలును కప్పుతుంది. ఫెవికాల్ అగ్గిపుల్ల కొసతో చుక్కంత చాలు. ఎక్కువైతే కార్డు ఉబ్బి వంకర పోతుంది.

నేను: ఇంత దూరం పంపితే నలగవా?

చిన్నమ్మ: నలిగాయి! అంతకుముందెప్పుడో చేత్తో చేసిన కార్డు మొదటిసారి మామూలు కవర్లో పెట్టి పంపా. అవతల విప్పేసరికి ఒక్క రేకు లేచి లేదు. ఫోటో చూసి ఆ రోజంతా అన్నం సహించలేదు నాకు. ఇప్పుడు పువ్వు ఎత్తు ఒక సెంటీమీటరు దాటనివ్వను. నాలుగు మూలలా అంతకంటే కొంచెం ఎత్తు ఫోమ్ ముక్కలు పెట్టి, పల్చటి అట్టడబ్బాలో పంపుతా. బరువు పడినా ఫోమ్ మీదే పడుతుంది.

నేను: వరసలన్నీ నిండాయి, శిఖరం దగ్గర ఖాళీ ఉంచావేం?

చిన్నమ్మ: అది గుమ్మడి పువ్వుకు. దాని రేకులు విడివిడిగా ఉండవు కదా, కింద కలిసిపోయి గంటలా ఉంటాయి. ఒకే ముక్కలో రావాలి. పొద్దున్నుంచి మూడు చింపేశా. ఆ నారింజ షీటు ఇటివ్వు, నాలుగోది మొదలుపెడదాం.