బండి లాగట్లేదా? గట్టి క్లచ్ స్ప్రింగులు కొనేముందు ఇది చూడండి

"గట్టి క్లచ్ వేయించాను అన్నా, ఇప్పుడు బండి భలే లాగుతోంది." పోయిన నెలలో ఈ మాట తిరుపతిలోనే ముగ్గురి నోట విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండిపోతుంది. బైక్ క్లచ్ బలాన్ని పుట్టించదండీ. ఇంజిన్ ఇచ్చినదాన్ని చక్రానికి అందిస్తుంది, అంతే. కొత్తది వేశాక బండి లాగుతోందంటే పాతది జారుతూ ఉండేదని అర్థం. ఎందుకు జారిందో కనుక్కోకుండా గట్టి స్ప్రింగులు బిగిస్తే, ఆ కారణం లోపలే ఉండిపోతుంది.

(బల్ల మీద స్టీలు పళ్లేలు, విస్తరాకులు)

ఇటు చూడండి. ఒక పళ్లెం, దాని మీద విస్తరాకు, మళ్లీ పళ్లెం, మళ్లీ ఆకు. ఇలా ఏడు ఆకులు పేర్చి, అన్నిటికన్నా పైన ఇంకో పళ్లెం పెట్టాను. పైనుంచి నా అరచెయ్యి నొక్కుతోంది. ఆకుల అంచులన్నీ కలిపి మా తమ్ముడు పట్టుకుని తిప్పుతున్నాడు. నేను గట్టిగా నొక్కితే పళ్లేలు కూడా ఆకులతోపాటే తిరుగుతాయి. చెయ్యి తేలిక చేస్తే ఆకులొక్కటే తిరుగుతాయి. ఆకులు ఫ్రిక్షన్ ప్లేట్లు, పళ్లేలు స్టీల్ ప్లేట్లు, నా చెయ్యి స్ప్రింగు, తిప్పే తమ్ముడు ఇంజిన్.

ఈ కట్ట ఎంత బలాన్ని మోయగలదో నాలుగు విషయాలు తేలుస్తాయి. నా చెయ్యి ఎంత నొక్కుతోంది, ఆకు మీద రాపిడి ఎంత, పళ్లెం ఎంత వెడల్పు, రాసుకునే ముఖాలు ఎన్ని. ఏడు ఆకులంటే పద్నాలుగు ముఖాలు. ఈ నాలుగింటినీ గుణించాలి. అంటే ఏ ఒక్కటి 20 శాతం తగ్గినా మొత్తం పట్టు 20 శాతం పోతుంది. స్ప్రింగు ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే. మరి అందరూ దాని మీదే ఎందుకు పడతారో నాకు అర్థం కాదు.

నా 390 సీసీ బండి సంగతి చెప్తాను. పోయిన కార్తీకంలో చెల్లెల్ని వెనక ఎక్కించుకుని తిరుమల వెళ్తున్నాను. ముందు బస్సు, దాని వెనక హాఫ్ క్లచ్‌లో నేను. మలుపు దాటాక మూడో గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పాను. ఇంజిన్ మోత పెరిగింది, స్పీడు మాత్రం అక్కడే ఉంది. కాలిన వాసన కూడా వచ్చింది. మర్నాడు ఒక షాపులో చూపిస్తే, ఇంకా విప్పకుండానే, "సెట్టు మొత్తం పోయింది, రేసింగ్ కిట్ వేసేద్దాం" అన్నారు.

నేను ఇంటికి తెచ్చుకుని విప్పాను. ఫ్రిక్షన్ ప్లేట్లను మందం కొలిచే వెర్నియర్‌తో కొలిస్తే మందం మాన్యువల్ చెప్పిన హద్దు లోపలే ఉంది. స్ప్రింగుల పొడవూ సరిగ్గానే ఉంది. కానీ ఆకు ముఖం, అంటే ఫ్రిక్షన్ ప్లేటు ముఖం, గరుకు పోయి అద్దంలా మెరుస్తోంది. స్టీల్ ప్లేట్ల మీద నెమలి మెడ రంగులో నీలి మచ్చలు. అది వేడి వల్ల వచ్చే రంగు. అప్పుడు గుర్తొచ్చింది, అంతకుముందు సర్వీసులో పోసింది కారు ఆయిల్ అని. కారు ఆయిళ్లు చాలావాటిలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. కారు క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మన క్లచ్ ఆ ఆయిల్‌లోనే తిరుగుతుంది. ఇదిగో, ఆకులకు నెయ్యి రాశాను. ఇప్పుడు ఎంత నొక్కినా జారుతున్నాయి చూడండి.

అందుకే ఆయిల్ డబ్బా మీద జాసో గుర్తు వెతకండి. మోటార్‌సైకిళ్ల కోసం జపాన్ వాళ్లు 1998లో తెచ్చిన ప్రమాణం అది. గేర్ల బండికి ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు. ఆ రెండక్షరాలు చూడకుండా వేల రూపాయల ప్లేట్లు కొనడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆకులు అరిగితే ఏమవుతుంది? కట్ట ఎత్తు తగ్గుతుంది, స్ప్రింగు ఆ మేరకు సాగుతుంది, నొక్కుడు తగ్గుతుంది. అప్పుడు మార్చాల్సింది ఆకుల్ని, చెయ్యిని కాదు. స్ప్రింగు విడిగా కొలిచినప్పుడు పొడవు హద్దు కన్నా తగ్గి ఉంటేనే దాన్ని మార్చండి. పది శాతం గట్టి స్ప్రింగు వేస్తే లివర్ కూడా దాదాపు అంతే బరువెక్కుతుంది. సాయంత్రం లీలామహల్ సర్కిల్ దగ్గర ఆ చెయ్యి పరిస్థితి ఆలోచించండి.

స్లిప్పర్ క్లచ్ ఉన్న బండ్లవాళ్లు మరీ జాగ్రత్త. అందులో వాలు పళ్లు ఉంటాయి. అసిస్ట్ (నొక్కుడుకు సాయం చేసే ఏర్పాటు) కూడా ఉన్న రకమైతే, బండి లాగేటప్పుడు అవే ప్లేట్లను అదిమేస్తాయి, అందుకే స్ప్రింగులు మెత్తగా ఇస్తారు. గేరు దించినప్పుడు అవే పట్టు సడలించి వెనక చక్రం ఎగరకుండా చూస్తాయి. గట్టి స్ప్రింగు వేస్తే ఆ సడలింపు తగ్గుతుంది. తిరుమల నుంచి దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. సరిగ్గా అక్కడే ఆ సడలింపు అవసరం. 1974లో వేసిన కొత్త దారిలో ఎక్కేటప్పుడు పట్టు కావాలని దిగేటప్పుడు రక్షణ పోగొట్టుకోకండి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. రోడ్డు మీద నడిపే బండికి కంపెనీ ప్లేట్లే నా సలహా. కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన ప్లేట్లు వేడికి బాగా ఆగుతాయి గానీ కుదురుకోవడానికి టైం తీసుకుంటాయి. ట్రాక్‌కు వెళ్లేవాళ్లకైతే సరే. స్టీల్ ప్లేటును అద్దం మీద పెట్టి, సందు కొలిచే పల్చని రేకుల ఫీలర్ గేజ్‌తో వంకర చూడండి, నీలి మచ్చలుంటే మార్చేయండి. బాస్కెట్ (ప్లేట్ల కట్ట కూర్చునే గిన్నె) పళ్ల మీద వేలు పెట్టి రాయండి, లోతుగా గాట్లు తగిలితే ప్లేట్లు అక్కడ ఇరుక్కుంటాయి. ఇవన్నీ విప్పకముందే క్లచ్ కేబుల్ ఫ్రీ ప్లే, అంటే లివర్ నొక్కగానే మొదట ఉండే వదులు, చూడాలి. మరీ బిగుతుగా ఉన్నా క్లచ్ జారుతుంది, దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

ఎండిన విస్తరాకును తడపకుండా వడ్డించం కదా, కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను కూడా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాకే వేయాలి. స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. కొత్త ఆయిల్ పోసి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు రేణిగుంట రోడ్డు లాంటి చదును దారిలో నింపాదిగా నడపండి. ఘాట్ ఆ తర్వాతే. అదీ శనివారం రద్దీలో వద్దు.