పుట్టకముందే కన్నుమూసిన బిడ్డ గురించి కతోలిక శ్రీసభ (క్యాథలిక్ చర్చి) ఏమి చెబుతోంది?

(దృశ్యం: గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ వెలుపలి భాగం. ఉదయం పూట. వ్యాఖ్యాత స్వరం.)

హైదరాబాదులోని ఏ విచారణలోనైనా, అంటే ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సంఘంలో, ఒక పెద్దాయన చనిపోతే ఏం చేయాలో అందరికీ తెలుసు. ఫాదర్ గారికి కబురు వెళుతుంది, ఇంట్లో జపమాల చెబుతారు, భౌతికకాయాన్ని గుడికి తెచ్చి దివ్యపూజాబలి (మాస్) అర్పించి, పాటలు పాడుతూ సమాధుల తోటకు సాగనంపుతారు. అదే విచారణలో ఒక తల్లి ఐదవ నెలలో బిడ్డను పోగొట్టుకుని ఆసుపత్రి నుండి ఇంటికి వస్తే, ఆ ఇంటికి జపమాల పట్టుకుని వెళ్ళేవారు అరుదు. "చిన్న వయసే కదమ్మా, మళ్ళీ నిలుస్తుందిలే" అని ఓదార్చి మాట మార్చేస్తారు. మంచి మనసుతోనే అంటారు, కాదనను. కానీ తన బిడ్డ అసలు ఉన్నట్టే ఎవరూ ఒప్పుకోలేదన్న బాధ ఆ తల్లికి మిగిలిపోతుంది.

ఈ మౌనం శ్రీసభ బోధ నుండి వచ్చింది కాదు. శ్రీసభ బోధ దీనికి పూర్తిగా భిన్నమైనది.

(దృశ్యం: మరియమాత ఎలిజబెతమ్మను కలుసుకున్న ఘట్టం చిత్రపటం.)

గర్భధారణ జరిగిన క్షణం నుండి మానవ ప్రాణాన్ని సంపూర్ణంగా గౌరవించాలని, కాపాడాలని శ్రీసభ బోధలను ఒకచోట కూర్చి 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం బోధిస్తుంది. ఈ మాట వినగానే మనలో చాలామందికి గర్భస్రావం చేయించుకోకూడదన్న నిషేధం ఒక్కటే గుర్తుకు వస్తుంది. ఆ నిషేధం నిజమే, అయితే ప్రాణం పవిత్రమని చెప్పడం అక్కడితో ఆగదు. కడుపులో ఉన్నది బిడ్డే అయినప్పుడు, ఆ బిడ్డ పోతే అది మరణమే అవుతుంది, తల్లిదండ్రుల ఏడుపు సంతాపమే అవుతుంది, ప్రార్థన చేయవలసిన బాధ్యత విచారణ మొత్తానికీ ఉంటుంది.

లూకా సువార్త మొదటి అధ్యాయాన్ని ఒకసారి నెమ్మదిగా చదవండి. యేసుకు తల్లివి కాబోతున్నావని చెప్పి దేవదూత వెళ్ళిపోయిన తరువాత మరియమ్మ త్వరపడి కొండ సీమలోని ఎలిజబెతమ్మ ఇంటికి వెళుతుంది. ఎలిజబెతమ్మ కడుపులో ఆరు నెలల శిశువుగా ఉన్న యోహాను, ఇంకా లోకానికి కనబడని యేసు రాకను గుర్తించి తల్లి కడుపులోనే ఆనందంతో గంతులు వేస్తాడు. మరియమ్మ గర్భం అప్పటికి ఏ కొద్ది రోజులదో అయి ఉండాలి. అయినా ఎలిజబెతమ్మ ఆమెను "నా ప్రభువు తల్లి" అని పిలుస్తుంది. కాబోయే తల్లి అని అనదు. నాకు ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ, బిడ్డను కోల్పోయిన స్త్రీని తల్లి అని పిలవడానికి మనం ఎందుకు సంకోచిస్తామో అర్థం కాదు.

(దృశ్యం: ఒక ఇంటి వంటగది, స్టవ్ మీద పాలగిన్నె. మనుషులు కనబడరు.)

సంతాపం కంటే ముందు చాలా ఇళ్ళలో నింద మొదలవుతుంది. బొప్పాయి తిన్నదనీ, మెట్లెక్కిందనీ, గ్రహణం రోజున బయటికి వచ్చిందనీ, ఆఫీసుకు బస్సులో తిరిగిందనీ అంటారు. వైద్యశాస్త్రం చెప్పేది వేరు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాలలో సుమారు సగం, పిండం ఏర్పడే సమయంలోనే క్రోమోజోముల సంఖ్యలో వచ్చిన తేడాల వల్ల పోతాయి. తల్లి చేసిన ఏ పనీ దానికి కారణం కాదు. ఇది ఎవరి పాపానికో శిక్ష అనేవారికి యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో జవాబు ఉంది: పుట్టుగుడ్డివానిని చూపించి పాపం ఎవరిదని శిష్యులు అడిగినప్పుడు, అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదు అని ప్రభువు చెప్పాడు.

(దృశ్యం: జ్ఞానస్నాన తొట్టి. నీటి మీద వెలుగు.)

ఇప్పుడు తల్లిదండ్రులను రాత్రుళ్ళు నిద్రపోనివ్వని ప్రశ్నకు వద్దాం. జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, పొందకుండానే పోయిన మా బిడ్డ ఎక్కడ ఉన్నట్టు?

ఈ ప్రశ్నతో శ్రీసభ శతాబ్దాలుగా పెనుగులాడింది. రక్షణకు జ్ఞానస్నానం అవసరమన్న బోధను గట్టిగా పట్టుకున్న తొలి శతాబ్దాల గొప్ప వేదాంతి పునీత అగస్టీను గారు, ఆ శిశువులకు కూడా అతి స్వల్పమైన శిక్ష తప్పదని భావించారు. మధ్యయుగపు వేదాంతులకు అది మరీ కఠినంగా తోచింది. వారు లింబో అనే భావనను ముందుకు తెచ్చారు: అక్కడ బాధ ఉండదు, సహజమైన సంతోషం ఉంటుంది, దేవుని ముఖాముఖి దర్శనం మాత్రం ఉండదు. మన అమ్మమ్మల తరం సత్యోపదేశ తరగతుల్లో విన్నది ఇదే. అయితే శ్రీసభ లింబోను ఎన్నడూ విశ్వాస సత్యంగా ప్రకటించలేదన్నది చాలామందికి తెలియదు.

సత్యోపదేశ గ్రంథం 1261వ పేరాలో శ్రీసభ ఆ శిశువులను దేవుని కరుణకు అప్పగిస్తుంది. మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడు, చిన్నబిడ్డలను నా యొద్దకు రానివ్వండి అని యేసు చెప్పాడు, కాబట్టి జ్ఞానస్నానం లేకుండా మరణించిన శిశువులకు రక్షణ మార్గం ఉందని మనం ఆశించవచ్చు అని ఆ పేరా చెబుతుంది. 2007లో వాటికన్‌కు చెందిన అంతర్జాతీయ వేదాంత మండలి, 16వ బెనెడిక్ట్ పోపుగారి అనుమతితో, ఈ ఒక్క విషయం మీదనే సుదీర్ఘమైన పత్రాన్ని ప్రచురించింది. ఈ ఆశకు బలమైన ఆధారాలున్నాయని అది చూపించింది. వాటిలో ఒకటి మనం ఏటా జరుపుకునేదే. యేసు పుట్టిన కాలంలో హేరోదు రాజు బేత్లెహేములో చంపించిన పసిబిడ్డలలో ఎవరికీ నీటితో జ్ఞానస్నానం జరగలేదు, అయినా శ్రీసభ డిసెంబరు 28న వారిని వేదసాక్షులుగా, అంటే క్రీస్తు కోసం ప్రాణాలిచ్చినవారిగా, గౌరవిస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ పత్రం ఇది ఆశ అని చెప్పిందే గాని, మనకు ఖచ్చితంగా తెలిసిన విషయం అని చెప్పలేదు. కొందరికి ఇది చాలీచాలని ఓదార్పుగా అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. ఆ బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టామో ఆ దేవుని స్వభావం మనకు తెలుసు. తల్లి తన పసికందును మరచినా నేను నిన్ను మరువను అని యెషయా ప్రవక్త ద్వారా పలికినవాడు ఆయనే.

దీనికే చెందిన మరొక విషయం ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలి. బిడ్డ ప్రాణంతో పుట్టి, బతకడం కష్టమని డాక్టర్లు చెబితే, ఫాదర్ గారు వచ్చే వరకు ఆగనవసరం లేదు. తండ్రి గాని, నాన్నమ్మ గాని, డ్యూటీలో ఉన్న నర్సు గాని, ఆమె క్రైస్తవురాలు కాకపోయినా సరే, శ్రీసభ చేసేది చేయాలన్న ఉద్దేశంతో బిడ్డ తల మీద నీళ్ళు పోస్తూ "పిత, పుత్ర, పవిత్రాత్మల నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అని పలికితే అది సంపూర్ణమైన జ్ఞానస్నానమే. అప్పటికే కన్నుమూసిన బిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వరు, ఎందుకంటే దేవద్రవ్యానుమానాలు, అంటే జ్ఞానస్నానం వంటి పవిత్ర సంస్కారాలు, జీవించి ఉన్నవారి కోసం. ఆ బిడ్డకు ప్రార్థనా, ఖననమూ ఉన్నాయి.

(దృశ్యం: ఆసుపత్రి నడవ. గోడ పక్కన వరుసగా వ్యర్థాలు వేసే రంగురంగుల డబ్బాలు.)

ఖననం గురించి ముందుగానే తెలుసుకోవాలి, ఎందుకంటే ఆసుపత్రిలో సమయం చాలా తక్కువ ఉంటుంది. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం, గర్భం వెలుపల బతకగల దశకు చేరని పిండాన్ని పసుపు సంచిలో వేసే వ్యర్థాల జాబితాలో చేర్చారు. సిబ్బంది తమ నిబంధన పాటిస్తారు, అందులో వారి దోషం లేదు. తల్లిదండ్రులు మాత్రం "మా బిడ్డ దేహాన్ని మాకు ఇవ్వగలరా" అని ముందే డాక్టరు గారిని అడగాలి. గర్భస్థ శిశువుల మృతదేహాలను ఇతర మానవుల భౌతికకాయాల వలెనే గౌరవించాలని వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత పరిరక్షక మండలి 1987లోనే స్పష్టం చేసింది. జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు కోరుకున్న బిడ్డ అది పొందకముందే మరణిస్తే, పీఠాధిపతి (బిషప్) అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరపవచ్చని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 1183వ సూత్రం చెబుతుంది, అందుకు తగిన ప్రార్థనలు పూజాగ్రంథాలలోనే ఉన్నాయి. కనుక ఫాదర్ గారిని అడగడానికి మొహమాటపడకండి. దేహం దొరకని తొలి వారాల నష్టాలలో, ఇంట్లో కూర్చుని చేసే ప్రార్థన చాలు.

ఉద్యోగం చేసే తల్లులకు ఒక మాట: మన దేశపు కార్మిక చట్టం తన పరిధిలోకి వచ్చే స్త్రీలకు, గర్భం పోయిన తరువాత ఆరు వారాల వేతన సెలవు ఇస్తుంది. అడిగి తీసుకోండి.

(దృశ్యం: గుడి లోపల పాపసంకీర్తన స్థలం. ఖాళీగా ఉన్న బల్ల.)

ఈ వీడియో చూస్తున్నవారిలో గర్భాన్ని తామే తీయించుకున్నవారు కూడా ఉండవచ్చు. భర్త బలవంతం, అత్తింటివారి ఒత్తిడి, ఆడపిల్ల అన్న భయం, చేతిలో డబ్బు లేకపోవడం వెనుక ఉండి ఉండవచ్చు. శ్రీసభ ఆ పనిని ఘోరమైన పాపమనే చెబుతుంది. కానీ అదే శ్రీసభ తరఫున రెండవ జాన్ పాల్ పోపుగారు 1995లో ప్రాణ సువార్త లేఖలో ఆ తల్లులతోనే నేరుగా మాట్లాడారు: ఆశ వదులుకోవద్దని, కరుణామయుడైన తండ్రి పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే సంస్కారంలో, క్షమను, శాంతిని ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడని చెప్పారు. ఈ పాపాన్ని క్షమించే అధికారాన్ని ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో గురువులందరికీ, అంటే ఫాదర్లందరికీ, శాశ్వతంగా ఇచ్చారు. మీకు తెలిసిన విచారణకు వెళ్ళడానికి సిగ్గుగా ఉంటే, నగరంలో మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టని మరో గుడికి వెళ్ళండి. చెప్పినదాన్ని ఏ గురువూ ఎన్నటికీ బయటపెట్టరు.

(దృశ్యం: నవంబరు 2. సమాధుల తోటలో కొవ్వొత్తులు, బంతిపూలు, కుటుంబాలు.)

తండ్రుల గురించి కూడా ఆలోచించండి. ఆసుపత్రి బిల్లు కట్టి, బంధువులకు ఫోన్లు చేసి, మరునాడు పనికి వెళ్ళిన మనిషిని ఎవరూ "నువ్వెలా ఉన్నావు బాబూ" అని అడగరు. సమాధుల పండుగ నాడు నారాయణగూడ సమాధుల తోటకు వెళ్ళే కుటుంబాలలో, తాతల సమాధి దగ్గరే ఆ బిడ్డ కోసం కూడా ఒక కొవ్వొత్తి వెలిగించమని నా మనవి.

ఏ రోజైనా ఆ బిడ్డను తలచుకుని పూజ చెప్పించవచ్చు. విచారణ కార్యాలయంలో పూజల పుస్తకం ఉంటుంది. బిడ్డకు పేరు పెట్టుకుని ఉంటే ఆ పేరే రాయించండి. పెట్టుకోకపోతే ఇప్పుడు పెట్టుకోవచ్చు, అదీ కష్టమనిపిస్తే తల్లిదండ్రుల పేర్లు చెప్పి "వారి బిడ్డ కోసం" అని రాయిస్తే ఫాదర్ గారు పూజలో అలాగే చదువుతారు.