కాటిసీనుకు ముందు ఆ పాట ఎందుకు? కర్నూలు హరిశ్చంద్ర రివ్యూ

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ముందే చెప్పేస్తున్నా, ఈ రివ్యూకి పాసు ఫ్రీగా వచ్చింది. ముందు వరుసలో కుర్చీ, ఇంటర్వెల్‌లో ఉగ్గాని, బజ్జి, అన్నీ నిర్వాహకులవే. డబ్బులైతే ఇవ్వలేదు. ఇచ్చుంటే ఈ వీడియో ఇంకాస్త మెత్తగా ఉండేదేమో.

మొన్న రాత్రి మన కర్నూల్లో సత్య హరిశ్చంద్ర వేశారు. కథ చెప్పి మీ టైం తినను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం, విశ్వామిత్రుడి అప్పు, వారణాసిలో ఆలినీ బిడ్డనూ అమ్ముకోవడం, అన్నీ మీకు తెలిసినవే. తెరలు బాగున్నాయి. మైకు రెండుసార్లు కుయ్యిమంది. అప్పు వసూలుకు వెంటపడే విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడు అదరగొట్టేశాడు. చంద్రమతి గొంతు మొదట్లో పట్టేసినా తర్వాత సర్దుకుంది. ఇక మిగతా వీడియో అంతా ఒకే ఒక్క పాట గురించి. హరిశ్చంద్రుణ్ణి కొనుక్కునే కాటికాపరి వీరబాహు పాట.

వీరబాహు వచ్చాడు. చేతిలో కర్ర, తూలుతున్న నడక. అంతవరకు బాగానే ఉంది. అంతలో కీబోర్డు అబ్బాయి ప్యాడ్ మీద బీటు మొదలుపెట్టాడు, ఏదో సినిమా ట్యూను. మాటలు మాత్రం వీళ్లవే, కల్లు, ముంత, పెళ్లాం అంటూ. ఫోన్‌లో టైం చూశాను, ఏడు నిమిషాలు! నేను కూర్చున్న చోటికి హార్మోనియం మాస్టారు బాగా కనిపిస్తున్నాడు. ఆయన ఏం చేశాడో తెలుసా? తిత్తి మూసి కొక్కెం పెట్టాడు. కళ్లద్దాలు తీసి కండువా కొసతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు. పాట అయ్యేదాకా అట్లే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నా రివ్యూ ఆయన అప్పుడే ఇచ్చేశాడు.

వెనక ఈలలు వేశారు, నిజమే. వంద నోటు ఒకటి స్టేజీ మీదికి వచ్చింది. వన్స్ మోర్ అని కూడా అరిచారు. దేవుడి దయవల్ల వీరబాహుకు అప్పటికే ఆయాసం వచ్చేసింది.

నా కోపం కల్లు మీద కాదు, కామెడీ మీద కాదు. ఆ వెంటనే వచ్చేది కాటిసీను. మీలో చాలామందికి కాటిసీను అంటే హరిశ్చంద్రుడి వేషం కట్టిన డి.వి. సుబ్బారావు గారి గొంతు. మా జేజినాయన దగ్గర ఆ క్యాసెట్ ఉండేది. టేపు సాగిపోతే పెన్సిల్ దూర్చి తిప్పి మళ్లీ వినేవాడు. ఆ పద్యాలు కూడా బలిజేపల్లి వారివే అని ఆయన చివరిదాకా నమ్మాడు. డిగ్రీలో చేరేదాకా నేనూ అంతే. అవి గుర్రం జాషువా గారి 'శ్మశానవాటిక' పద్యాలు. రాజూ పేదా, కులమున్నవాడూ లేనివాడూ ఒక్కటయ్యే చోటు ఇదొక్కటే అని కాటిలో నిలబడి చెప్పే పద్యాలు. అంటరానితనం బాధ పడినవాడు రాసినవి. అవి పాడే ముందు ఏడు నిమిషాలు కాటికాపరి కులం మీద, వాడి యాస మీద జనాన్ని నవ్వించడమేంటి? నవ్వి నవ్వి చెమట తుడుచుకుంటున్న జనానికి ఆ పద్యం ఎట్లా ఎక్కుతుంది? మొన్న ఎక్కలేదు. 'ఇచ్చోటనే' అని ఎత్తుకునేసరికి నా వెనక ఒకాయన ఇంకా ఆ సినిమా ట్యూనే కూనిరాగం తీస్తున్నాడు.

ఇంటర్వెల్‌లోనే నా పక్క సీటు పెద్దాయనతో దీని మీద గొడవ పెట్టుకున్నా. ఈ పాట ఉంటుందని నాకు ముందే తెలుసు, పోయినేడు పక్క ఊర్లో తిరునాళ్లకు వేసినప్పుడూ ఇదే వరస. 'అతికించిన పాటలే ఈ నాటకాన్ని చెడగొడుతున్నాయి' అన్నాను. ఆయన బజ్జి నములుతూ, 'ఏమప్పా, మరి జాషువా పద్యాలు అతికించినవి కావా?' అన్నాడు. నోరు మూతపడింది. ఆగాడా? 'శ్రీకృష్ణ తులాభారం నాటకంలో మీరజాలగలడా పాట ఎవరు రాసినారు?' అని ఇంకోటి వేశాడు. నాటకం ముత్తరాజు సుబ్బారావు గారిది, ఆ పాట మాత్రం సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావు గారే రాసుకున్నది. 1966లో సినిమాకు కూడా ఎక్కింది. అంటే జనం ప్రాణం పెట్టుకున్నవి రెండూ అతుకులే! నా పాయింటు అక్కడే పోయింది, ఒప్పుకుంటున్నా.

అసలు ఈ పంచాయితీ మన సీమదే. పద్యాలతో పాటు నాటకంలోకి పాటలు తెచ్చింది మన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు. రాగాలు కాదు, నటన ముఖ్యం అని ఎదురు తిరిగింది ఆయన మేనల్లుడే, తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ. మామ పాట పెడితే అల్లుడు వద్దన్నాడు. నేను అల్లుడి పార్టీ అనుకునేవాణ్ణి. జేజినాయన క్యాసెట్ గుర్తొచ్చినప్పుడల్లా మామ పార్టీలోకి దూకేస్తా.

పాండవ ఉద్యోగ విజయాలు నాటకంలో కృష్ణుడు దుర్యోధనుడికి చెప్పే 'జెండాపై కపిరాజు' పద్యం కూడా నీరసమే కదా అని నా ఫ్రెండు ఒకడు వాదిస్తాడు. వాడు చెప్పేది పద్యం గురించి కాదు, రాగం గురించి. అది బెదిరింపు పద్యం కదా! కృష్ణుడు చివరి మాట పట్టుకుని రెండు నిమిషాలు సాగదీస్తుంటే, దుర్యోధనుడు మీసం సర్దుకుని పక్కకు తిరిగి సోడా తాగడం నేను కళ్లారా చూశాను. అయినా ఆ తప్పు తిరుపతి వేంకట కవులది కాదు. రాగం తగ్గిస్తే పద్యం లేచి నిలబడుతుంది. వీరబాహు పాటకు ఏం తగ్గించినా నిలబడదు.

సరే, మార్కులు. నాటకానికి పదికి ఎనిమిది, అందులో రెండు నక్షత్రకుడివే. ఆ పాటకు సున్నా. తీసేయమంటే కామెడీ పోతుందని భయపడతారు. వీరబాహును నవ్వించనివ్వండి, ఎవరొద్దన్నారు? ఒక రాజును డబ్బులిచ్చి కొన్నవాడు వాడు! సంత బేరంలా రాజు పళ్లు చూసి, భుజాలు తట్టి ధర తగ్గించమంటే చాలు, నేనే ముందు నవ్వుతా. ఆ నవ్వులో నుంచి కాటికి నడిస్తే హరిశ్చంద్రుడి బరువు ఇంకా పెరుగుతుంది.

వచ్చే నెల తులాభారానికి కూడా పాసు ఇస్తామన్నారు. ఈ వీడియో వాళ్లు చూడకముందే తెచ్చుకోవాలి.